వైడ్ లెన్సు చూపించిన దూరం

ముప్పై నాలుగేళ్ళు బందరులో ఒక స్టూడియోలో పనిచేశాను. మొదటి ఆరేళ్ళూ నెగెటివుల మీద పెన్సిలుతో మచ్చలు దిద్దాను, మిగతా కాలమంతా కెమెరా పట్టాను. మా ఇంట్లో అందరూ బడిపంతుళ్ళో గుమాస్తాలో. ఆడపిల్ల మెడలో కెమెరా వేసుకుని పెళ్ళిళ్ళకు తిరగడమేమిటని మా పెదనాన్నగారు ఏడాదిపాటు మా గడప తొక్కలేదు. తరవాత ఆయన మనవరాలి పెళ్ళికి నన్నే పిలిచారు. ఆ సంగతి అంతటితో సరి.

ఈమధ్య ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు కొందరు నా దగ్గరికి లెన్సులు పట్టుకొస్తున్నారు. చాలామంది ముందుగా కొనేది వైడ్ లెన్సే. "మేడమ్, ఇది మంచిదేనా?" అని అడుగుతారు. మంచిదే. అయితే దేనికి మంచిదో, దేనికి కాదో నాకు కొన్న రోజున తెలియలేదు. ఒక పెళ్ళి ఫోటో దగ్గర కొంత తెలిసింది, చిలకలపూడిలో ఒక చిన్న గదిలో కొంత తెలిసింది. అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి తెలిసేసరికి ఒక మనిషి జైలుకు వెళ్ళబోయాడు. అందులో నా చేయి ఉంది. అందుకే ఇది రాస్తున్నాను.

లెన్సు వచ్చిన రోజు

మా స్టూడియో యజమాని వెంకటరత్నం గారు. ఆయన్ని ఊళ్ళో అందరూ మాస్టారనే పిలిచేవాళ్ళు. ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు కానీ, మాట తీరు అలా ఉండేది. చేతులు కడుక్కోకుండా లెన్సు ముట్టుకుంటే ఊరుకునేవారు కాదు. మెచ్చుకోవడం ఆయనకు చేతకాదు. పని మాత్రం దాచకుండా నేర్పారు.

ఇరవై నాలుగు మిల్లీమీటర్ల వైడ్ లెన్సు ఆయన మద్రాసు నుంచి తెప్పించారు. కంటికి కనిపించినట్టే చూపించే నార్మల్ లెన్సుతో ఒక గదిని తీస్తే బీరువా ఒక్కటే పడుతుంది. దీంతో అదే చోట నిలబడి తీస్తే బీరువా, పక్కన కిటికీ, ఇటు తలుపు కూడా పడతాయి. నేను సంబరపడిపోయి వెంటనే వీధిలోకి వెళ్ళి నాలుగు ఫోటోలు తీద్దామన్నాను.

"ఆగు పూర్ణా," అన్నారు మాస్టారు. "దీని గొప్పలు అమ్మినాయన చెప్పాడు. తప్పులు మనం చూసుకోవాలి."

నన్ను ఒక పాత రైసుమిల్లు దగ్గరికి తీసుకెళ్ళారు. పూత లేని ఇటుకగోడకు తిన్నగా ఎదురుగా నిలబెట్టి ఫోటో తీయించారు. ప్రింటు చూస్తే పైవరస ఇటుకలు మధ్యలో పైకి ఉబ్బాయి, కిందివరస కిందికి ఉబ్బింది. గోడకు పొట్ట వచ్చినట్టుంది. మూలల్లో ఇటుకలు మసకగా, కాస్త నల్లగా ఉన్నాయి. వెలుతురు లోపలికి వచ్చే లెన్సు కన్నాన్ని రెండు మెట్లు తగ్గించి మళ్ళీ తీస్తే మసక పోయింది, నలుపు తగ్గింది, పొట్ట మాత్రం అలాగే ఉంది. తరవాత మిల్లు పొగగొట్టం మొత్తం పడేట్టు కెమెరాను పైకెత్తి తీశాను. పొగగొట్టం వెనక్కి పడిపోతున్నట్టు వచ్చింది. సూర్యుడు ఫోటోలో ఒక మూల ఉండేట్టు తీస్తే, రెండో మూలదాకా వెలుగుమచ్చలు వరసగా పడ్డాయి.

ఇవన్నీ మాస్టారు ఒక నోటుబుక్కులో రాయించారు. ఇప్పటి లెన్సులు ఎంత మెరుగైనా, కంప్యూటరులో వంకరలు సరిచేసుకునే వీలున్నా, కొత్త లెన్సు చేతికి రాగానే ఈ నాలుగు పనులూ చేయమని నేను అందరికీ చెప్తాను. గోడ, మూలలు, ఎత్తయిన కట్టడం, ఎదురెండ. సగం పూటలో అయిపోతుంది. ఇంటర్నెట్లో ఎవరో చెప్పిన మాటలు పదిగంటలు వినేకన్నా నయం.

దూరం సంగతి మాత్రం మేమిద్దరం పరీక్షించలేదు. మాకు తట్టలేదు.

గుడివాడ మేనత్తగారు

ఆ నెలలోనే గుడివాడలో ఒక పెళ్ళి ఒప్పుకున్నాం. ఇల్లు పెద్దదే కానీ, బయట వాన. బంధువులందరినీ వసారాలోనే కూర్చోబెట్టి గ్రూపు ఫోటో తీయాలి. వెనక్కి జరగడానికి నాలుగడుగులు కూడా లేవు. నార్మల్ లెన్సుతో ఈ జన్మలో అయ్యే పని కాదు. వైడ్ బిగించి, పాతికమందినీ ఒక్క ఫోటోలో పట్టాను. పెళ్ళివాళ్ళు ఆశ్చర్యపోయారు. నేను గర్వంగా బందరు బస్సెక్కాను.

పదిరోజుల తరవాత పెళ్ళికూతురి మేనత్త ఆ ప్రింటు పట్టుకుని స్టూడియోకి వచ్చారు. బాగా ఉన్న కుటుంబం, నిండైన మనిషి. ఫోటోలో ఆవిడది ఎడమవైపు చివరి కుర్చీ.

"ఇదుగో అమ్మాయ్," అని ప్రింటు నా ముందు పెట్టారు. "నేనెంత లావో నాకు తెలుసు. రోజూ అద్దం చూసుకుంటాను. కానీ ఈ చెయ్యి నాది కాదు. ఈ చెంపా నాది కాదు."

చూశాను. నిజమే. ముఖం పక్కకి సాగిపోయింది. కుర్చీ చేతి మీద పెట్టిన మోచెయ్యి దిండులా ఉంది.

"అంచున కూర్చుంటే ఈ లెన్సు అలా లాగుతుందండీ. లెన్సు లక్షణమే అంత," అన్నాను.

"ఆహా. మధ్యలో కూర్చున్నవాళ్ళని లాగలేదే?"

"మధ్యలో లాగదండీ."

"మరి ఆ సంగతి నీకు తెలిసీ నన్ను అంచున కూర్చోబెట్టావా? తెలియక కూర్చోబెట్టావా?"

ఆ రెండింటిలో ఏదన్నా నా తప్పే. లోపలినుంచి మాస్టారు వింటున్నారు, ఒక్క ముక్క సాయం రాలేదు. ఆవిణ్ణి స్టూడియోలో కూర్చోబెట్టి, నార్మల్ లెన్సుతో ఒక మంచి ఫోటో తీసి ఇచ్చాను. వెళ్ళేటప్పుడు ఆవిడ నవ్వుతూనే వెళ్ళారు కానీ, ఆ రెండు ప్రశ్నలూ నాకు మిగిల్చి వెళ్ళారు.

అప్పటినుంచి వైడ్‌తో గ్రూపు తీయవలసి వస్తే రెండు పక్కలా స్తంభమో, తలుపో, పూలకుండీయో పడేట్టు చూసుకునేదాన్ని. మనుషుల్ని అంచుకి రానిచ్చేదాన్ని కాదు. చోటు చాలకపోతే రెండు వరసల్ని మూడు వరసలు చేసేదాన్ని. లెన్సు మీద నెపం వేసే ఫోటోగ్రాఫరు పని నేర్చుకోలేదని నా అభిప్రాయం. లెన్సు ఏం చేస్తుందో ముందే తెలుసు. నిలబెట్టేదీ కూర్చోబెట్టేదీ మనమే.

చిలకలపూడిలో ఒక గది

ఇన్ని తప్పులుంటే ఆ లెన్సు ఎందుకని అడగవచ్చు. అది లేకపోతే నేను తీసిన మంచి ఫోటోల్లో సగం లేవు.

ఒక వారపత్రికవాళ్ళకి చిలకలపూడి గిల్టు నగల పని మీద ఫోటోలు కావలసివచ్చాయి. నన్ను పంపారు. సత్యవతమ్మ అనే ఆవిడ ఇంట్లో ముందుగదే పనిచోటు. పొట్టి బల్ల చుట్టూ ఆరుగురు ఆడవాళ్ళు కింద కూర్చుని చిన్న మంటల మీద గొలుసు కొక్కేలు అతుకుతున్నారు. బంగారు పూత వేయవలసిన గొలుసులు చిక్కుపడకుండా గోడలకు వేలాడుతున్నాయి. మొదట గుమ్మంలో నిలబడి నార్మల్ లెన్సుతో తీశాను. ఒక ముఖం, ఒక గోడ, అంతే. గది పడలేదు. వైడ్ పెట్టి అక్కడే నిలబడి తీశాను. ఈసారి గదంతా పడింది కానీ, మనుషులు చీమల్లా ఉన్నారు. ముందు సగమంతా ఖాళీ నేల.

అప్పుడు కెమెరా సంచిలో పెట్టేసి సత్యవతమ్మ పక్కన కింద కూర్చున్నాను.

"ఇంత దగ్గర కూర్చుంటే మంట తగుల్తుందమ్మా," అన్నారావిడ.

"మీకు తగలట్లేదుగా."

"నాకు పాతికేళ్ళనుంచి తగుల్తానే ఉంది," అని వేళ్ళు చూపించారు. చూపుడువేలి చివర చర్మం గట్టిపడి మెరుస్తోంది.

గంటసేపు కూర్చున్నాను. వాళ్ళ పిల్లల చదువులు విన్నాను, పత్రికలో వస్తే మా పేర్లు వేస్తారా అని అడిగితే వేయించే పూచీ నాదన్నాను. వాళ్ళు నన్ను మరిచిపోయి పనిలో పడ్డాక కెమెరా తీశాను. ఆవిడ చేతులకు మూరెడు దూరంలో లెన్సు పెట్టాను. పట్టకారు పట్టిన ఆ వేళ్ళూ, మంటా ఫోటోలో ముందు పెద్దగా వచ్చాయి. వాటి వెనక ఆవిడ ముఖం, ఆ వెనక మిగతా అయిదుగురు, వేలాడే గొలుసులు. ముందునుంచి చివరిదాకా అన్నీ స్పష్టంగా ఉన్నాయి. అంత వెలుతురు తక్కువ గదిలో ఫ్లాష్ వేయకుండా, చేత్తో పట్టుకుని అలా తీయడం మరే లెన్సుకూ చేతకాదు.

వైడ్ లెన్సు ఎక్కువ చోటు పట్టడానికి అనుకుంటారు. దాని అసలు బలం అది మనల్ని మనిషి దగ్గరికి వెళ్ళనివ్వడం. దగ్గరికి వెళ్ళి కూడా ఆ మనిషి చుట్టూ ఉన్న బతుకును వదలకుండా చూపిస్తుంది. దగ్గరికి వెళ్ళడానికి బెరుకున్నవాళ్ళు దాన్ని కొనకపోవడమే మేలు. ఇప్పుడు కుర్రకారు తీస్తున్న వైడ్ ఫోటోలు చూస్తుంటాను. పైన బోలెడు ఆకాశం, కింద బోలెడు రోడ్డు, మధ్యలో ఎవరో ఒకరు. ఆ ఒక్కరి దగ్గరికి పదడుగులు నడిస్తే అది ఫోటో అవుతుంది.

సత్యవతమ్మ వాళ్ళ ఆరుగురి పేర్లూ పత్రికలో వచ్చాయి. వాటికోసం నేను మూడు ఉత్తరాలు రాయవలసి వచ్చింది.

కరకట్ట మీద మలుపు

ఆ రోజుల్లో చుట్టుపక్కల పోలీస్ స్టేషన్లకు సొంత ఫోటోగ్రాఫర్లు ఉండేవాళ్ళు కాదు. ప్రమాదం జరిగితే దగ్గరి స్టూడియోకి కబురు పంపేవాళ్ళు. ఒకరోజు ఉదయం దివిసీమలో ఒక స్టేషను నుంచి కానిస్టేబులు వచ్చాడు. కృష్ణ కరకట్ట మీద ఆటో ఒకటి సైకిలును గుద్దింది. సైకిలు మీద ఉన్న కోటేశ్వరరావు గారనే రైతు అక్కడే పోయారు. ఆటో నడిపినతను ఏసుబాబు, నాగాయలంక వైపు కుర్రాడు, కొత్తగా పెళ్ళయినవాడు.

నేను వెళ్ళేసరికి శవాన్ని తీసేశారు. సైకిలు పడ్డచోటే ఉంది. కట్ట అక్కడ వంపు తిరుగుతుంది. వంపు లోపలివైపు ఎత్తయిన గడ్డివాము. దాన్ని దాటితే గానీ అవతలి రోడ్డు కనిపించదు.

"మలుపు, రోడ్డు, సైకిలు అన్నీ ఒకే ఫోటోలో రావాలమ్మా," అన్నాడు ఎస్సై.

మలుపు దగ్గర నిలబడి వైడ్‌తో తీశాను. అన్నీ ఒకే ఫోటోలో వచ్చాయి. చక్కగా కడిగి, ప్రింట్లు వేసి పంపించాను. ఆ తరవాత దాని గురించి ఆలోచించలేదు.

కొన్ని నెలలకు సమన్లు వచ్చాయి. ఆ ఫోటో తీసింది నేనేనని కోర్టులో చెప్పాలి. అలాంటి సాక్ష్యాలు అప్పటికే చాలా చెప్పాను, రెండు నిమిషాల పని. వాయిదాకు రెండు రోజుల ముందు ఒక అమ్మాయి స్టూడియోకి వచ్చింది. నెలలు నిండుతున్న మనిషి. గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

"నేను ఏసుబాబు భార్యనండి. మరియమ్మ నా పేరు. మా లాయరుగారి దగ్గర మీరు తీసిన ఫోటో చూశానండి."

కూర్చోమన్నాను. కూర్చోలేదు.

"ఆ ఫోటోలో చూస్తే మా ఆయన అంత దూరం నుంచి పెద్దాయన్ని చూసి కూడా ఆపకుండా గుద్దేసినట్టుందండి. మలుపు తిరగ్గానే పెద్దాయన ఎదురుగా ఉన్నాడని మా ఆయన మొత్తుకుంటున్నాడు. ఫోటో చూసినోళ్ళు ఎవరూ నమ్మట్లేదు. నేను ఆ కట్ట మీదే కూలికి వెళ్తానండి. అంత రోడ్డు అక్కడ లేదండి."

లోపలికి వెళ్ళి ఆ ప్రింటు తీసి చూశాను. మలుపు నుంచి రోడ్డు సాగి సాగి పోతోంది. దాని చివర గోరంత సైకిలు. ఎవరు చూసినా ఒకటే అంటారు: ఇంత దూరం ఉంది, ఎందుకు ఆపలేదు? అక్కడ నిలబడినప్పుడు సైకిలు రిమ్ముకు అంటిన మట్టి కూడా నాకు కనిపించింది. ఆ సంగతి ఈ ఫోటో చెప్పడం లేదు.

"మీరు ఇంటికి వెళ్ళండమ్మా. నేను చూస్తాను," అన్నాను. ఏం చూస్తానో నాకే తెలియదు.

మాస్టారితో చెప్పాను. ఆయన ప్రింటు చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు.

"నువ్వేమన్నా రోడ్డు సాగదీశావా? ఉన్నది తీశావు. నేనే తీశానని చెప్పి వచ్చెయ్."

"దూరం తప్పుగా కనిపిస్తోంది కదండీ."

"అడిగితే చెప్పు."

"అడక్కపోతే?"

ఆయనకు కోపం వచ్చింది. "ఇన్ని స్టేషన్లు మనల్ని నమ్మి పిలుస్తున్నాయి పూర్ణా. మన ఫోటో తప్పని మనమే చెప్తే రేపెవరు పిలుస్తారు? వాళ్ళకి లాయరున్నాడు. ఆ తిప్పలు ఆయన పడతాడు."

ఆ మాటలో న్యాయం లేదని కాదు. ఇరవయ్యేళ్ళు కష్టపడి తెచ్చుకున్న పేరు ఆయనది. మర్నాడు పొద్దున్నే మొదటి బస్సెక్కి కరకట్టకు వెళ్ళాను. మలుపు నుంచి సైకిలు పడ్డచోటికి అంగలు వేసుకుంటూ నడిచాను. ఇరవై రెండు. మళ్ళీ వెనక్కి నడిచాను. మళ్ళీ ఇరవై రెండే.

తలుపు ఎటు పోయింది

కోర్టుకు వెళ్ళేటప్పుడు కెమెరా సంచి కూడా పట్టుకెళ్ళాను. అందులో రెండు లెన్సులూ ఉన్నాయి.

ప్రభుత్వ లాయరు ఫోటో చూపించి మీరే తీశారా అన్నారు. తీశానన్నాను. ఏసుబాబు తరఫు లాయరు చిన్నవాడు, నెగెటివు మీ దగ్గరే ఉందా అని మాత్రం అడిగి కూర్చున్నాడు. మేజిస్ట్రేటుగారు, "దిగవచ్చమ్మా," అన్నారు.

నేను దిగలేదు. "అయ్యా, ఒక మాట చెప్పుకోవాలండి," అన్నాను. "ఈ ఫోటో నేను తీసిందే. ఇందులో కల్తీ ఏమీ లేదు. కానీ దీన్ని చూసి దూరం అంచనా కడితే పొరపాటవుతుందండి."

ప్రభుత్వ లాయరు లేచారు. "సాక్షి నిపుణురాలు కాదండి. ఫోటో తీయడంతో ఆవిడ పని అయిపోయింది."

"ఆవిడ లెన్సు గురించి ఆవిడ చెప్పకపోతే ఎవరు చెప్తారండీ?" అన్నారు మేజిస్ట్రేటుగారు. నా వైపు తిరిగి, "చెప్పండి," అన్నారు.

"ఎక్కువ చోటు పట్టడం కోసం ఈ లెన్సు అన్నిటినీ చిన్నవి చేస్తుందండి. చిన్నగా కనిపించినదాన్ని మన కన్ను దూరంగా ఉందనుకుంటుంది. మీరు అనుమతిస్తే చూపిస్తాను."

కెమెరాకు వైడ్ బిగించి బంట్రోతుకు ఇచ్చాను. అతను తీసుకెళ్ళి ఇచ్చాడు. మేజిస్ట్రేటుగారు కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, కెమెరాలోంచి హాలు చివరి తలుపు వైపు చూశారు. చూసి, కెమెరా దించి, తలుపును మామూలుగా చూశారు. మళ్ళీ కెమెరా ఎత్తారు.

"తలుపు ఎటు పోయిందమ్మా?" అన్నారు.

కోర్టంతా నవ్వింది. నేను నవ్వలేకపోయాను. నార్మల్ లెన్సు బిగించి మళ్ళీ పంపాను. "ఇప్పుడు తలుపు తన చోటికి వచ్చింది," అని ఆయన ఏదో రాసుకున్నారు. ప్రమాదస్థలం స్కెచ్ తెప్పించి చూశారు. కట్ట అంచు నుంచి సైకిలుకు ఎంత దూరమో అందులో ఉంది. మలుపు నుంచి ఎంతో లేదు. కొలిచి రమ్మని పోలీసుల్ని ఆదేశించారు.

టేపు పెట్టి కొలిచారు. నా ఇరవై రెండు అంగలకు సరిపోయింది. మామూలు వేగంతో వచ్చే ఆటోను అంత దూరంలో ఆపడం కష్టమని తేల్చి, కొన్ని వాయిదాల తరవాత ఏసుబాబు మీద కేసు కొట్టేశారు. అప్పటికి మరియమ్మకు ఆడపిల్ల పుట్టింది.

కోర్టు నుంచి వచ్చిన రోజున మాస్టారికి జరిగిందంతా చెప్పాను. అయిదు రోజులు ఆయన నాతో మాట్లాడలేదు. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. ఆరో రోజున పొడవాటి కొలతటేపు ఒకటి నా బల్ల మీద పెట్టారు. "సాక్ష్యం ఫోటోలకు ఇది పరిచి తియ్. ప్రింటు వెనక ఏ లెన్సో రాయి," అని లోపలికి వెళ్ళిపోయారు. నేను చేసింది మంచిపనని ఆయన ఎన్నడూ అనలేదు. ఆ స్టేషను నుంచి ఏడాదిపాటు కబురు రాలేదు. రాకపోయినా మా స్టూడియో నడిచింది.

కొత్తవాళ్ళకి ఇది గట్టిగా చెప్తాను. ఇప్పుడు ప్రతి ఫోనులోనూ ఒక వైడ్ లెన్సు ఉంది. దాంతో ఇరుకు హాస్టలు గదిని హాలులా చూపించమని అడిగేవాళ్ళుంటారు, మూడు సెంట్ల స్థలాన్ని తోటలా చూపించమని అడిగేవాళ్ళుంటారు. చూపించడం చాలా తేలిక. ఆ ఫోటో చూసి ఎవరో ఒకరు ఏదో ఒకటి నమ్ముతారు. వాళ్ళు ఏం నమ్ముతారో తీసేముందే ఆలోచించాలి. నేను తీశాక ఆలోచించాను.

కోటేశ్వరరావు గారి అబ్బాయి

కేసు కొట్టేసిన వారానికి కోటేశ్వరరావు గారి కొడుకు శివ మా స్టూడియోకి వచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయి, చేపల చెరువులు చేస్తాడు. తండ్రి పోయి ఏడాది కాలేదు.

"కోర్టులో మాట్లాడింది మీరేనాండీ?"

నేనేనన్నాను.

"మా నాన్నని చంపినవాణ్ణి ఇంటికి పంపించారు. సంతోషమేనా?"

మాస్టారు లేచి వచ్చారు. ఆయన్ని వద్దని ఆపాను. శివ జేబులోంచి కవరు తీశాడు. నేను తీసిన ఫోటోయే. నేను లేనప్పుడు వాళ్ళవాళ్ళు మా స్టూడియోలో అడిగి ఒక కాపీ తీసుకెళ్ళారట.

"ఇది మా ఇంట్లోనే ఉందండీ. మా అమ్మ రోజూ దీన్ని ముందు పెట్టుకుని కూర్చుంటుంది. ఇంత దూరం ఉండి ఆపలేకపోయాడా, ఇంత దూరం ఉండి ఈయన పక్కకి తప్పుకోలేకపోయాడా అని అదే మాట. నేనేం చెప్పాలి?"

ఆ ఫోటో ఏసుబాబు ఒక్కడినే కష్టపెట్టిందనుకున్నాను. ఇంకో ఇంట్లో కూడా అది రోజూ తన పని చేస్తోందని నాకప్పటిదాకా తెలియదు.

"నాతో కట్ట మీదికి వస్తారా?" అని అడిగాను. రానంటాడనుకున్నాను. మోటారు సైకిలు తాళం తీసి, "ఎక్కండి," అన్నాడు.

మిట్టమధ్యాహ్నం అయింది. గడ్డివాము కొంత తరిగింది కానీ, ఇంకా అక్కడే ఉంది. అతన్ని మలుపు దగ్గర నిలబడమని, నేను సైకిలు పడ్డచోటికి నడిచి అతని వైపు తిరిగి నిలబడ్డాను.

"ఎలా కనిపిస్తున్నానండీ?" అని అడిగాను. అరవవలసిన అవసరం రాలేదు. మామూలుగా అడిగితేనే వినిపించింది.

అతను ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. తరవాత, "మీ ముక్కుపుడక మెరుస్తోందండీ," అన్నాడు.

నా వైపు నడవడం మొదలుపెట్టాడు. పెదవులు కదులుతున్నాయి, అంగలు లెక్కపెట్టుకుంటున్నాడు. నా దగ్గరికి వచ్చి ఆగి, వెనక్కి తిరిగి మలుపు చూశాడు. కట్ట అంచున గడ్డిలో కూలబడ్డాడు.

"ఇంత దగ్గరా?"

"ఇంతేనండీ."

"అయితే నాన్నకి చూసుకునే టైము కూడా లేదు."

"లేదండీ."

"ఆ ఆటో కుర్రాడికీ లేదు." ఆ మాట అతను నాతో అనలేదు. నీళ్ళ వైపు చూస్తూ అన్నాడు. కాసేపటికి చేతిలోని పాత ఫోటోను మడవబోయి, ఆగి, నాకిచ్చేశాడు. "ఇది మీ దగ్గర ఉంచేసుకోండి. ఇంకోటి తీసివ్వగలరా? అమ్మకి చూపించాలి. ఆవిడ ఇక్కడిదాకా రాలేదు."

అతన్ని తండ్రి పడ్డచోట నిలబెట్టి, నేను మలుపు దగ్గరికి వెళ్ళాను. నార్మల్ లెన్సు బిగించి కెమెరా కంటికి పెట్టుకున్నాను. రోడ్డు ఉన్నంతే ఉంది. దాని చివర మనిషి మనిషంత ఉన్నాడు. అతను ఏడుస్తున్నాడని అంత దూరం నుంచీ స్పష్టంగా తెలుస్తోంది. కెమెరా దించి కళ్ళు తుడుచుకోనిచ్చాను. అతను జేబురుమాలు జేబులో పెట్టుకుని, చొక్కా సర్దుకుని, అమ్మ చూడబోయే ఫోటో కోసం తిన్నగా నిలబడ్డాక, తీశాను.